పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు: పాటకు బాణీ వెదికి పెట్టిన ‘సింగింగ్ బిల్లీ’

‘అమేజింగ్ గ్రేస్’ అనే ఆంగ్ల భక్తిగీతం ఎవరిదని గత సంచికలో ఒక పాఠకుడు అడిగారు. సాహిత్యం జాన్ న్యూటన్‌దనీ, ఈనాడు లోకమంతా పాడుతున్న బాణీతో ఆ సాహిత్యాన్ని కలిపి తొలిసారి అచ్చువేసినవారు విలియం వాకర్ అనీ రెండు వాక్యాల్లో సమాధానం ఇచ్చి ఊరుకున్నాం. న్యూటన్ గురించి ఎవరూ మళ్లీ అడగలేదు గానీ, వాకర్ గురించి మాత్రం వరుసగా ఉత్తరాలు వచ్చాయి. సంకలనకర్తల గురించి ఇంత ఆసక్తి చూపే పాఠకులు ఉండడం మాకు నిజంగా సంతోషం కలిగించింది. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: పాట రాసింది న్యూటన్ అయితే బాణీ కట్టింది వాకరేనా? ఆ బాణీని ‘న్యూ బ్రిటన్’ అంటారని చదివాను. పాటలో ఎక్కడా లేని ఆ పేరు ఎలా వచ్చింది?
– ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: బాణీ కట్టినవారు వాకర్ కాదు. తనదని ఆయన చెప్పుకోనూ లేదు. విలియం వాకర్ 1809 మే 6న అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రంలో, యూనియన్ కౌంటీకి చెందిన క్రాస్ కీస్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టారు. యౌవనంలో స్పార్టన్‌బర్గ్ ప్రాంతానికి చేరి, అక్కడే స్థిరపడ్డారు. పెద్ద చదువులు చదివినవారు కారు. బాప్టిస్టు సంఘంలో సభ్యులు. ఊరూరా తిరిగి పాటల బడులు నడపడం ఆయన వృత్తి. ఆ ప్రాంతంలో విలియం వాకర్ అనే పేరు గలవారు మరికొందరు ఉండడంతో, గుర్తుపట్టడానికి వీలుగా జనం ఆయనను ‘సింగింగ్ బిల్లీ’ అని, అంటే మన మాటల్లో ‘పాటల బిల్లీ’ అని పిలుచుకునేవారు. 1835లో, తన 26వ ఏట, ఆయన ‘ది సదరన్ హార్మొనీ’ అనే పాటల పుస్తకాన్ని వెలువరించారు. అందులో 209 పాటలు ఉన్నాయి. ముద్రణ మాత్రం తన ఊరికి ఎంతో దూరాన, ఉత్తరాదిన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో జరిగింది.

ఇక పేరు సంగతి. ఆ కాలపు అమెరికన్ సంఘాల్లో సాహిత్యానికి ఒక పుస్తకం, బాణీకి మరొక పుస్తకం ఉండేవి. సాహిత్య పుస్తకంలో స్వరాలు ఉండవు. బాణీల పుస్తకంలో ప్రతి బాణీకీ సాహిత్యంతో సంబంధం లేని ఒక సొంత పేరు, తరచుగా ఏదో ఒక ఊరి పేరు, ఉండేది. పాట పైన ‘సి.ఎం.’ అని రెండక్షరాలు ఉంటే, వరుసగా 8, 6, 8, 6 అక్షరాల పాదాలు గల ఏ పద్యమైనా ఆ బాణీలో ఒదుగుతుందని గుర్తు. మనకు ఇది కొత్త విషయమేమీ కాదు. ఏ ఆటవెలదినైనా ఒకే వరుసలో చదవగలం. మన పాత కీర్తనల పుస్తకాల్లోనూ, యక్షగానాల్లోనూ పాట నెత్తిన ‘ఫలానా పాట అన్న మట్టు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవారు, ఆ మట్టు పాఠకుడికి తెలిసే ఉంటుందన్న నమ్మకంతో. ‘న్యూ బ్రిటన్’ అటువంటి ఒక మట్టు పేరు.

న్యూటన్ తన పద్యాన్ని ఇంగ్లండులోని ఓల్నీ అనే ఊళ్లో, 1773 నూతన సంవత్సర దినాన చేసిన ప్రసంగం కోసం రాశారు. 1779లో అది ‘ఓల్నీ హిమ్స్’ అనే సంపుటిలో అచ్చయింది. తర్వాతి యాభై ఏళ్లలో దానిని రకరకాల బాణీల్లో పాడారు, ఏదీ నిలవలేదు. మరోపక్క, ఇప్పుడు మనకు తెలిసిన బాణీ 1829లో బెంజమిన్ షా, చార్లెస్ స్పిల్‌మన్ అనే ఇద్దరు ప్రచురించిన ‘కొలంబియన్ హార్మొనీ’లో కనిపిస్తుంది. అదీ ఒకచోట కాదు, ‘గాలహర్’, ‘సెయింట్ మేరీ’ అనే రెండు పేర్లతో, కొద్దికొద్ది తేడాలతో, వేరే సాహిత్యాలకు జతపడి ఉంది. అంటే సముద్రానికి అటు పుట్టిన పద్యం ఒకటి, ఇటు కర్త పేరు లేకుండా జనం నోళ్లలో నలుగుతున్న బాణీ ఒకటి, ఒకదాన్నొకటి ఎరగకుండా ఉన్నాయి. వాకర్ ఆ రెంటినీ తన పుస్తకం ఎనిమిదో పుటలో కలిపారు. ఆయన చేసింది అంతే. కానీ ‘అంతే’ అన్న ఆ పని చెయ్యడానికి ఎన్ని వందల బాణీలు చెవిలో ఉండాలో, ఎన్ని వందల పద్యాలు నాలుక మీద ఉండాలో ఆలోచించండి. సి.ఎం. కొలతలో ఒదిగే బాణీలు కొల్లలు. వాటిలో ఈ పద్యానికి ఇదే తగినదని తేల్చిన చెవి ఆయనది.

ప్రశ్న: ఆయన పుస్తకంలో స్వరాలను త్రికోణాలు, చతురస్రాలుగా అచ్చువేశారట. పైగా నాలుగే స్వరనామాలట. ఏడు స్వరాలను నాలుగు పేర్లతో ఎలా పాడతారు? పిల్లలకు సంగీతం చెప్పే దానిని కాబట్టి అడుగుతున్నాను.
– రాజమహేంద్రవరం నుంచి ఒక సంగీత ఉపాధ్యాయిని

సమాధానం: మీరు అడిగినది ఈ మొత్తం కథకు ఆయువుపట్టు వంటి విషయం కనుక కొంచెం వివరంగానే చెబుతాం.

ఇంగ్లండు నుంచి వచ్చిన పాత పద్ధతిలో స్వరాల పేర్లు ఫా, సోల్, లా, మీ అని నాలుగే. మన శంకరాభరణ రాగ స్వరాలను పక్కన పెట్టుకుని చూస్తే సులువుగా అర్థమవుతుంది. షడ్జం ఫా, రిషభం సోల్, గాంధారం లా. మధ్యమం దగ్గర మళ్లీ ఫా, పంచమం సోల్, ధైవతం లా. మిగిలిన నిషాదం ఒక్కటే మీ. స రి గ మధ్య ఎంతెంత ఎడం ఉందో మ ప ద మధ్య కూడా అంతే ఉంది కాబట్టి ఆ రెండు మూడేసి స్వరాలనూ ఒకే పేర్లతో పిలిచారు. నిషాదం అష్టకంలో ఒక్కసారే వస్తుంది కనుక దానికి ప్రత్యేకమైన పేరు పెట్టారు. ఇది అజ్ఞానం వల్ల వచ్చిన పద్ధతి కాదు. స్వరాల మధ్య అంతరాన్ని చెవికి పట్టించడానికి ఏర్పడిన పద్ధతి.

1801లో ఫిలడెల్ఫియాలో విలియం లిటిల్, విలియం స్మిత్ అనేవారు తెచ్చిన ‘ది ఈజీ ఇన్‌స్ట్రక్టర్’ అనే పుస్తకం ఈ నాలుగు పేర్లకూ నాలుగు ఆకారాలను జోడించింది. ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మీ వజ్రాకారం. స్వరాలు మామూలు పాశ్చాత్య స్వరలిపిలో లాగానే అయిదు గీతల మీద ఉంటాయి. తల ఆకారం మాత్రమే మారుతుంది. దీనివల్ల కలిగిన మేలు చాలా పెద్దది. శ్రుతి ఎక్కడ పెట్టారు, ఎన్ని తీవ్రస్వరాల గుర్తులు ఉన్నాయి అని లెక్కపెట్టుకోనక్కరలేకుండా, ఆకారాన్ని చూడగానే పాడేవారికి స్వరనామం నోటికి వస్తుంది. పొలం పని ముగించుకుని సాయంత్రం పాటల బడికి వచ్చిన రైతుకు, అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లవాడికి రెండు మూడు వారాల్లో చూసి పాడడం నేర్పాలంటే ఇంతకంటే మంచి ఉపాయం మాకు తోచడం లేదు.

పాడే పద్ధతి కూడా మీకు నచ్చుతుంది. ముందు అందరూ స్వరనామాలతో పాట మొత్తం పాడతారు, ఆ తర్వాతే సాహిత్యం అందుకుంటారు. మీరు పిల్లలకు గీతం చెప్పేటప్పుడు ముందు స్వరం, తర్వాత సాహిత్యం పాడించడం వంటిదే. ‘సదరన్ హార్మొనీ’లో చాలా పాటలు మూడు గాత్రాలకు రాసినవి. అసలు బాణీ పై గాత్రంలో ఉండదు, మధ్యనున్న టెనర్ గాత్రంలో ఉంటుంది. పైన ట్రెబుల్, కింద బాస్ దానికి తోడు నడుస్తాయి. టెనర్‌ను మగవారు, ఆడవారు కలిసి ఎవరి స్థాయిలో వారు పాడతారు. ఒక్కొక్క గాత్రమూ విడిగా పాడినా అందంగా ఉండే ఒక బాణీలాగే నడుస్తుంది గానీ, పై గాత్రానికి కేవలం ఊతంగా ఉండదు. చరణాంతాల్లో చాలాసార్లు గాంధారం లేకుండా షడ్జ పంచమాలు మాత్రమే కలిసి మోగుతాయి. యూరోపు పద్ధతిలో శిక్షణ పొందినవారికి అది బోలుగా వినిపించింది. తంబురా శ్రుతికి అలవాటుపడిన మన చెవికి మాత్రం అది నిండుగానే వినిపిస్తుందని ఈ శీర్షిక రాస్తున్నవారి అనుభవం.

అయితే మీ సందేహం వాకర్‌కు కూడా తర్వాతి రోజుల్లో కలిగింది. అంతర్యుద్ధం ముగిశాక, 1867లో వెలువరించిన ‘క్రిస్టియన్ హార్మొనీ’లో ఆయన నాలుగు పేర్లను వదిలి ఏడు పేర్లకు, ఏడు ఆకారాలకు మారారు. ఏడుగురు పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా వారిని నాలుగే పేర్లతో పిలుస్తారా అని ఆ పుస్తకం ముందుమాటలో అడిగారు. ముప్పై ఏళ్లు తాను నేర్పిన పద్ధతిని, తనకు పేరు తెచ్చిన పద్ధతిని, దాదాపు అరవయ్యో ఏట మార్చుకోవడానికి సిద్ధపడిన ఆ ఉపాధ్యాయుడి మీద మాకు ఎంతో గౌరవం. ఏడు ఆకారాల పద్ధతిని అప్పటికే జెస్సీ ఐకిన్ అనే ఆయన 1846లో ప్రవేశపెట్టారు. వాకర్ వాటిని తీసుకోకుండా, పాత నాలుగింటినీ ఉంచుకుని మిగిలిన మూడింటికి సొంత ఆకారాలు కల్పించారు.

ప్రశ్న: ‘అమేజింగ్ గ్రేస్’ మోహన రాగంలో ఉందని మా గురువుగారు అంటారు. నిజమేనా?
– వరంగల్ నుంచి ఒక విద్యార్థి

సమాధానం: స్వరాల మటుకు మీ గురువుగారి మాట అక్షరాలా నిజం. ఆ బాణీలో స రి గ ప ద అనే అయిదు స్వరాలే ఉన్నాయి. మధ్యమం, నిషాదం లేవు. మంద్ర పంచమంతో ఎత్తుకుని, షడ్జం మీదికి ఎగసి, గాంధారాన్ని తాకి, రిషభ షడ్జాల మీదుగా ధైవతానికి, అక్కడి నుంచి బయలుదేరిన మంద్ర పంచమానికే దిగడంతో మొదటి పాదం ముగుస్తుంది. రెండో పాదం అలాగే మొదలై, చివర ఒక్కసారిగా మధ్య స్థాయి పంచమానికి ఎగురుతుంది. ఆ ఎగురులోనే పాటకున్న బలమంతా ఉంది. పై సమాధానంలో చెప్పిన ఆకారాల లెక్కన చూస్తే ఇంకొక చిన్న విశేషం తెలుస్తుంది. నిషాదం లేదు కాబట్టి ఆ టెనర్ వరుసలో వజ్రాకారం ఒక్కటి కూడా రాదు. త్రికోణాలు, గుండ్రాలు, చతురస్రాలు మాత్రమే ఉంటాయి.

కానీ మోహన రాగమంటే స్వరాల పట్టిక మాత్రమే కాదని మీకు తెలుసు. గమకాలు, సంచారాలు, జీవస్వరాలు కలిస్తేనే రాగం. అవి ఆ బాణీలో లేవు. స్కాట్లండు, ఐర్లండు, ఇంగ్లండుల నుంచి వలస వచ్చినవారి జానపద గీతాల్లో అయిదు స్వరాల బాణీలు విరివిగా ఉన్నాయి. వాకర్ సేకరించిన వాటిలో ఆ కోవకు చెందినవి చాలా ఉన్నాయి. కనుక ‘మోహన స్వరాల్లో ఉన్న బాణీ’ అంటే సరిపోతుంది.

ప్రశ్న: ఎవరో కట్టిన బాణీలకు సంకలనకర్తలు తమ పేర్లు పెట్టుకునేవారని విన్నాను. వాకర్ కూడా అలా చేశారా? చేస్తే అది చౌర్యం కాదా?
– హైదరాబాద్ నుంచి ఒక న్యాయవాది

సమాధానం: చేశారు. అయితే ఏం చేశారో దాచలేదు. 1835 నాటి ముందుమాటలోనే ఆయన ఆ విషయం రాశారు. అచ్చు పుస్తకాల్లో గానీ, రాతప్రతుల్లో గానీ తనకు దొరకని మంచి బాణీలు అనేకం ఉన్నాయనీ, వాటికి మిగిలిన గాత్రాలను తాను కూర్చి, కర్తగా తన పేరు పెట్టుకున్నాననీ, పూర్తిగా తానే కట్టిన బాణీలు కొన్ని విడిగా ఉన్నాయనీ ఆయన వివరించారు. అంటే ‘విలియం వాకర్’ అని ఒక పాట పక్కన కనిపిస్తే రెండు అర్థాలు ఉండవచ్చు: బాణీ ఆయనదే కావచ్చు, లేదా జనంలో విన్న బాణీని ఆయన కాగితం మీద పెట్టి, దానికి ట్రెబుల్, బాస్ రాసి ఉండవచ్చు.

నేటి చట్టం దృష్టితో చూసి దీనిని చౌర్యమనడం తేలిక. కానీ ఆ మాటకు మేం ఒప్పుకోలేం. వాకర్ విన్న బాణీలు అడవి అంచున డేరాలు వేసుకుని రోజుల తరబడి జరిగే ఉజ్జీవ కూటాల్లో, పొలాల్లో, వంటిళ్లలో బతికినవి. వాటికి కర్తృత్వం కోరే మనిషి లేడు, కాగితం లేదు. మరో తరం గడిస్తే వాటిలో ఎన్ని మిగిలేవో చెప్పడం కష్టం. బాణీ మాత్రమే ఉన్నచోట మూడు గాత్రాల రచన చెయ్యడం కూడా చిన్న పని కాదు. తెలిసినచోట ఆయన ఇతరుల పేర్లు ఇచ్చారు కూడా. ‘వాట్ వండ్రస్ లవ్ ఈజ్ దిస్’ అనే పాటను చూడండి. దాని సాహిత్యం 1811 నాటికే కూటాల పాటల పుస్తకంలో అచ్చయింది. ఈనాడు పాడే బాణీతో అది 1840లో వచ్చిన ‘సదరన్ హార్మొనీ’ రెండో కూర్పులో తొలిసారి కనిపిస్తుంది. అక్కడ వాకర్ తన పేరు పెట్టుకోలేదు, జేమ్స్ క్రిస్టఫర్ అనే వ్యక్తి పేరు పెట్టారు. పాదాల విరుపు మాత్రం కెప్టెన్ కిడ్ అనే సముద్రపు దొంగ మీద జనం పాడుకున్న వీరగాథను పోలి ఉంటుంది. దొంగ కథ పాడుకున్న నోటితోనే భక్తిగీతం పాడడంలో ఆ పల్లె ప్రజలకు ఏ సంకోచమూ కలగలేదన్నమాట.

ముందు వచ్చిన సంకలనాల నుంచి కూడా వాకర్ ధారాళంగా తీసుకున్నారు. పెన్సిల్వేనియాలో జాన్ వైయెత్ 1813లో, వర్జీనియాలో అననైయస్ డేవిసన్ 1816లో తెచ్చిన పుస్తకాల బాణీలు ఆయన దగ్గర కనిపిస్తాయి. ఆయన పుస్తకం నుంచి తర్వాతివారు అలాగే తీసుకున్నారు.

ప్రశ్న: ఆ బాణీ నల్లజాతి బానిసలదని ఒకచోట చదివాను. వాకర్ ఆ సంగతి దాచారా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: బాణీకి అచ్చులో ఉన్న ఆనవాలు 1829 నాటి ‘కొలంబియన్ హార్మొనీ’తో మొదలవుతుంది. అంతకు ముందు అది ఫలానావారిదని చూపే పత్రం లేదు కాబట్టి దాచారని నింద వెయ్యడం న్యాయం కాదు. అయితే మీ ప్రశ్న వెనుక ఉన్న బాధ నిజమైనది. 1835 నాటి దక్షిణ కెరొలైనాలో బానిసత్వం చట్టబద్ధం. పాట రాసిన న్యూటన్ స్వయంగా ఒకప్పుడు బానిసలను మోసుకెళ్లిన ఓడలకు కెప్టెన్. ఉజ్జీవ కూటాల్లో తెల్లవారు, నల్లవారు ఒకరి పాట ఒకరు విన్నారు. ఆ పాటను తర్వాతి కాలంలో నల్లజాతి సంఘాలు తమదిగా చేసుకుని పాడిన తీరు వేరొక మహా చరిత్ర. ఈనాడు చివరి చరణంగా పాడే ‘పది వేల ఏళ్లు’ అనే చరణం న్యూటన్‌ది కాదు. హ్యారియెట్ బీచర్ స్టో 1852లో ప్రచురించిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’లో బానిస అయిన టామ్ నోట అది ఈ పాటతో కలిసి వినిపిస్తుంది.

ప్రశ్న: వాకర్ తన తోడల్లుడికి ద్రోహం చేసి పుస్తకాన్ని ఒక్కడి పేరిట వేసుకున్నారని ఒక వ్యాసంలో ఉంది. ఇందులో నిజమెంత?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఆ తోడల్లుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ వైట్. వాకర్ భార్య ఏమీ గొలైట్లీ, వైట్ భార్య థర్జా గొలైట్లీ అక్కచెల్లెళ్లు. ఇద్దరు మగవారూ పాటల బడి పంతుళ్లే. కథ ఏమిటంటే, ఇద్దరూ కలిసి ‘సదరన్ హార్మొనీ’ తయారుచేశారనీ, వాకర్ ఒక్కరే అచ్చుకోసం ఉత్తరాదికి వెళ్లి వైట్ పేరు తీసేశారనీ, ఆ తర్వాత జీవితాంతం ఇద్దరికీ మాటల్లేవనీ. దీనిని జోసెఫ్ జేమ్స్ అనే ఆయన 1904లో ఒక చిన్న చరిత్ర పుస్తకంలో రాశారు. అప్పటికి వాకర్ పోయి 29 ఏళ్లు, వైట్ పోయి 25 ఏళ్లు. ద్రోహం జరిగిందని ఆ ఇద్దరూ రాసిన దాఖలా లేదు. నమ్మదగినది ఇంతే: వైట్ తర్వాత జార్జియా రాష్ట్రానికి వెళ్లిపోయి, ఎలీషా కింగ్ అనే యువకుడితో కలిసి 1844లో ‘ది సేక్రెడ్ హార్ప్’ అనే పుస్తకం తెచ్చారు. ఆకార స్వరలిపి పుస్తకాల్లో ఈనాడు అందరికంటే ఎక్కువమంది పాడుతున్నది అదే. ‘న్యూ బ్రిటన్’ అందులోనూ ఉంది. ఒకే ఇంటి అల్లుళ్లు ఇద్దరు ఇటువంటి రెండు పుస్తకాలు ఇవ్వడం చాలు, వాటి పక్కన తగాదా కథ అవసరం లేదు.

ప్రశ్న: ఇంత ప్రచారం ఉన్న పుస్తకం మరుగున ఎందుకు పడింది?
– నెల్లూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: ప్రచారం మాత్రం అసాధారణమైనదే. పుస్తకం ఆరు లక్షల ప్రతులు అమ్ముడైందని వాకర్ స్వయంగా రాసుకున్నారు. 1854 నాటి కూర్పులో పాటల సంఖ్య 335కు పెరిగింది. దక్షిణాది పల్లెల్లో సరుకుల దుకాణంలో ఉప్పు, పొగాకుతో పాటు ఈ పుస్తకాన్ని కూడా అమ్మేవారని చెబుతారు.

మరుగున పడడానికి కారణం నగరాల్లో మొదలైన సంస్కరణ. దానికి పెద్ద దిక్కు బోస్టన్‌కు చెందిన లోవెల్ మేసన్. 1822లో వచ్చిన తన తొలి సంకలనంలో యూరోపు పండితుల బాణీలకు, వారి స్వరమేళన నియమాలకు ఆయన పెద్దపీట వేశారు. 1838లో బోస్టన్ ప్రభుత్వ పాఠశాలల్లో సంగీతాన్ని పాఠ్యాంశంగా చేర్పించినది కూడా ఆయనే. అది గొప్ప మేలు, కాదనలేం. కానీ ఆ మేలుతో పాటే, ఆకారాల స్వరలిపి చదువురానివారి ఊతకర్ర అనీ, బోలుగా మోగే షడ్జ పంచమాలు మోటు అనీ ఒక చిన్నచూపు వ్యాపించింది. మేసన్, ఆయన తమ్ముడు తిమోతి కలిసి 1834లో ఒహాయో ప్రాంతం కోసం తయారుచేసిన పుస్తకాన్ని, వారు వ్యతిరేకించిన ఆకారాల స్వరలిపిలోనే ప్రచురణకర్తలు అచ్చువేశారు. కొనేవారికి కావలసినది అదే మరి. నగరం నుంచి ఆకారాలు తప్పుకున్నా పల్లె వాటిని వదలలేదు. ‘అమేజింగ్ గ్రేస్’కు కూడా వాకర్ రాసిన మూడు గాత్రాలు పోయి, 1900 తర్వాత ఎడ్విన్ ఎక్సెల్ అమర్చిన నున్నని స్వరమేళనమే లోకమంతా వ్యాపించింది. మనం సాధారణంగా వినేది అదే.

మీరు నెల్లూరు నుంచి రాశారు కాబట్టి ఒక మాట. ఇదే మేసన్ కొన్ని జర్మన్ పాటల పుస్తకాలను శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే వేదాంత విద్యార్థి చేతికిచ్చారు. వాటిలో ఒక బాణీ చూసి స్మిత్ రాసిన ‘అమెరికా’ అనే దేశభక్తి గీతాన్ని 1831 జూలై 4న బోస్టన్‌లో పిల్లలు తొలిసారి పాడారు. ఆ స్మిత్‌గారే 1853లో, నెల్లూరులోని తెలుగు మిషన్‌ను మూసివెయ్యాలా వద్దా అని అమెరికన్ బాప్టిస్టులు తర్జనభర్జన పడుతున్నప్పుడు, దానిని ఒంటరి నక్షత్రంగా వర్ణిస్తూ పద్యం రాశారు. మిషన్ నిలిచింది. ‘లోన్ స్టార్’ అనే పేరు దానికి స్థిరపడింది.

ప్రశ్న: వాకర్ పుస్తకాన్ని ఇప్పటికీ పాడేవారు ఉన్నారా? ఆయన చివరి రోజులు ఎలా గడిచాయి?
– అమెరికాలో ఉంటున్న ఒక తెలుగు పాఠకురాలు

సమాధానం: ఉన్నారు. కెంటకీ రాష్ట్రంలో బెంటన్ అనే చిన్న పట్టణంలో ఏటా మే నెల నాలుగో ఆదివారం ‘బిగ్ సింగింగ్’ పేరుతో జనం కూడి ‘సదరన్ హార్మొనీ’ నుంచే పాడుకుంటారు. జేమ్స్ లెమన్ అనే ఆయన 1884లో దానిని ప్రారంభించారు. పుస్తకం దొరకడం కరువైనప్పుడు 1939లో ఆ సంప్రదాయం కోసమే మళ్లీ అచ్చువేయించారు. వీలైతే ఒకసారి వెళ్లి వినండి. వేదిక, శ్రోతలు అనే తేడా ఈ పాటల కూటాల్లో ఉండదు. వచ్చినవారంతా పాడేవారే. కాబట్టి వినడానికని వెళ్లినా మీ చేతిలో ఒక పుస్తకం పెడతారనుకోండి.

వాకర్ చివరివరకూ నేర్పుతూనే ఉన్నారు. ‘సదరన్ హార్మొనీ’, ‘క్రిస్టియన్ హార్మొనీ’ కాక, 1846లో జేబులో పట్టే చిన్న సంకలనం ఒకటి, సండే స్కూలు పిల్లల కోసం ఇంకొకటి తెచ్చారు. 1875 సెప్టెంబర్ 24న స్పార్టన్‌బర్గ్‌లో, 66 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అక్కడి మాగ్నోలియా శ్మశానవాటికలో ఉన్న సమాధి రాయి మీద 47 ఏళ్లు బాప్టిస్టుగా జీవించారనీ, 45 ఏళ్లు సంగీతం నేర్పారనీ, నాలుగు భక్తి సంగీత గ్రంథాలకు కర్త అనీ చెక్కి ఉంది. పేరు పక్కన, పట్టభద్రులు తమ డిగ్రీ రాసుకున్నట్టు, మూడక్షరాలు ఉన్నాయి: ‘ఏ.ఎస్.హెచ్.’ వాకర్ బతికి ఉండగా కూడా తన పేరు చివర వాటినే రాసుకునేవారు. ‘సదరన్ హార్మొనీ గ్రంథకర్త’ అని వాటి అర్థం.